ముందు ఆయన, తర్వాత మోటారు, చివర నేను

కొన్ని పుస్తకాలకి పేరే సగం కథ చెప్పేస్తుంది. పోలండు రచయిత్రి హలీనా కొరొలెత్స్-బుయకోవ్‌స్కా యాత్రాగ్రంథం పేరు మన భాషలో చెప్పాలంటే, “నా కుర్రాడూ, మోటారూ, నేనూ”. కుర్రాడంటే కొడుకనుకునేరు! కట్టుకున్న మొగుడే, స్తానిస్వాఫ్. 1934లో ద్రుస్కెనికి అనే ఊళ్లో బి.ఎస్.ఏ. మోటారు సైకిలెక్కి, మన దేశం మీదుగా, 1936కి షాంఘై చేరారు ఆ దంపతులు. ఆ ఊరు అప్పుడు పోలండులోది, ఇప్పుడు లిథువేనియాలో ఉంది.

ఆ రోజుల్లో మన అమ్మమ్మలు మొగుడి పేరు పలకడానికే సిగ్గుపడేవారు. ఈవిడ ఏకంగా “నా కుర్రాడు” అంది. ఆ చనువు ముచ్చటేసింది గానీ, ఆ వరసే నచ్చలేదు నాకు. ముందు ఆయన, తర్వాత ఇనుప బండి, ఆ తర్వాత తనూనా! అందరికీ వడ్డించి అడుగూబొడుగూ తినే ఇల్లాలే ఈవిడా, కాబోలు అనుకున్నాను.

ఆలోచిస్తే వేరే సంగతి తట్టింది. అందర్నీ చెప్పాక తనని చెప్పుకోవడం కథకుల మర్యాద. ఆ ప్రయాణాన్ని పుస్తకంగా మనకి మిగిల్చింది ఆ చివరి “నేనే”.

అయితే ఆ పుస్తకం వెలువడింది 2011లో! రెండేళ్లలో షాంఘై చేరిన ఆడదాని మాట అచ్చులోకి రావడానికి మరో 75 ఏళ్లు పట్టింది. ఇంతకీ ఏది దూరమంటారు?