గోదావరిలో వరి

“ఏందిరా బిడ్డా, పత్తి ముచ్చట పంపుమంటె కరెంటు ముచ్చట పంపుతున్నవ్?”

కార్తీకమాసంలో ఓ పొద్దున తలమడుగు నుంచి మా చిన్నాయిన ఫోన్. ఆయనకు ఆరెకరాల నల్లరేగడి ఉంది. ఆదిలాబాద్ మార్కెట్‌కు పత్తి తోలే రోజుల్లో ఆయన తెలుసుకోవాల్సినవి మూడే. ధరెంత, పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కొంటున్నదా, తేమ సంగతేమిటి. తేమ ఎనిమిది శాతం దాటితే ధరలో కోత పడుతుంది, 12 దాటితే సీసీఐ కొనదు. తెల్లారేసరికి మంచుతో తడిసిపోయే ఆ జిల్లాలో బండి ఇయ్యాల తోలాలా, రేపటిదాకా ఆగాలా అన్నది ఇంటి లెక్కలు మార్చే నిర్ణయం. అందుకే కరీంనగర్‌లో ఉన్న నేను నా ఫీడ్ రీడర్‌లో ‘పత్తి’ అని ఒక అర పెట్టాను. అందులో పడిన వార్తలు పొద్దున ఆరింటికల్లా ఆయన ఫోన్‌కు చేరే ఏర్పాటు చేశాను.

ఆ రోజు అర తెరిచి చూశాను. రామగుండంలో విద్యుత్ ఉత్పత్తి. సింగరేణిలో బొగ్గు ఉత్పత్తి. పాల ఉత్పత్తిదారుల సమస్యలు. పత్తి వార్త ఒక్కటే, అదీ అట్టడుగున. చిన్నాయిన కళ్లద్దాలు పెట్టుకుని, వేలితో తెర జరుపుకుంటూ ఇవన్నీ చదివి ఉంటాడు. నాకు బాధ కలిగింది. తప్పు ఎక్కడుందో పట్టుకుందామని కూర్చున్నాను. మూడు సాయంత్రాలు పట్టింది. పనిముట్ల గురించి, మన భాష గురించి ఆ మూడు సాయంత్రాలు నేర్పినంత నాకు ఈ మధ్యకాలంలో ఏదీ నేర్పలేదు.

ముందు ఈ రీడర్ సంగతి చెప్పాలి. వార్తల సైట్లు చాలావరకు మనకు కనిపించే పేజీతో పాటు వెనకాల ఒక సాదా ఫైలు కూడా పెడతాయి. అదే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్. శీర్షిక, లింకు, తేదీ, కాస్త సారాంశం, ప్రతి వార్తకూ ఒక గుర్తింపు, అంతే. 1999 మార్చిలో నెట్‌స్కేప్ కంపెనీలో డాన్ లిబ్బీ, రామనాథన్ గుహ దీనికి మొదటి రూపం ఇచ్చారు. గుహ మద్రాసు ఐఐటీలో చదివినవాడు. ఆ మరుసటి ఏడు వచ్చిన 1.0 రూపం రాసినవాళ్లలో ఆరన్ స్వార్ట్జ్ ఉన్నాడు, అప్పటికతనికి 14 ఏళ్లు. ఇప్పుడు ఎక్కువగా కనిపించే 2.0 రూపం 2002లో డేవ్ వైనర్ చేతుల మీదుగా వచ్చింది.

రీడర్ అంటే ఆ ఫైళ్ల దగ్గరికి మన తరఫున వెళ్లొచ్చే మనిషి లాంటిది. మర్యాద కూడా తెలుసు. ‘నేను పోయినసారి వచ్చినప్పటికీ ఇప్పటికీ ఏమైనా మారిందా?’ అని సర్వర్‌ను అడుగుతుంది. మారకపోతే అవతలి నుంచి 304 అనే ఒక్క అంకె వస్తుంది, ఫైలు మోసుకురాకుండా తిరిగొస్తుంది. వార్తకున్న గుర్తింపును చూసి ఇది చదివిందా, చదవనిదా తేలుస్తుంది. ఫోన్‌లో మనం వేలితో జరిపే వార్తల వరుసను మనకు తెలియని ఒక లెక్క పేర్చి పెడుతుంది. రీడర్‌లో వరుస పేర్చేది నేనే. అది తప్పు చేస్తే దిద్దగలిగేదీ నేనే. ఈ రెండో మాటలోని బరువు చిన్నాయిన ఫోన్ చేసేదాకా నాకు తెలియలేదు.

ఇప్పుడు ‘ఉత్పత్తి’ అనే మాటను ఒకసారి చూడండి. అందులో మన కంటికి పత్తి లేదు. త కింద పావత్తు ఉంది, ఆ పక్కన త్తి ఉంది. కానీ కంప్యూటర్‌కు వత్తులు తెలియవు. 1991లో, ప్రతి అక్షరానికీ ఒక అంకె ఇచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లోకి వచ్చినప్పుడు తెలుగుకు 128 గడులు కేటాయించారు. అందులో హల్లులకు, గుణింతపు గుర్తులకు, పొల్లుకు చోటు ఉంది, వత్తులకు విడిగా లేదు. ఒక హల్లు, పొల్లు, ఇంకో హల్లు వరుసగా వస్తే రెండోదాన్ని వత్తుగా గీయడం ఫాంటు పని. కాబట్టి ‘ఉత్పత్తి’ కంప్యూటర్ లోపల ఇలా ఉంటుంది: ఉ, త, పొల్లు, ప, త, పొల్లు, త, గుడి. చివరి అయిదూ కలిపి చదవండి. ప, త, పొల్లు, త, గుడి. పత్తి! రామగుండంలో 2,600 మెగావాట్ల కేంద్రం ఎప్పుడు వార్తల్లోకి వచ్చినా చిన్నాయిన ఫోన్ ఎందుకు మోగుతున్నదో అర్థమైంది. ‘సంపత్తి’లో పత్తి ఉండటం కంటికే కనిపిస్తుంది. ‘ఉత్పత్తి’లోది మాత్రం లోపలికి వెళ్తేనే కనిపిస్తుంది.

అప్పుడే ‘వరి’ అర కూడా తెరిచి చూశాను. ఆ అర మా అక్కావాళ్ల కోసం పెట్టింది, వాళ్లది కాకతీయ కాలువ కింది పొలం. అందులో గోదావరి వరద, జనవరి జీతాలు, ఫిబ్రవరి పరీక్షలు, చివరి తేదీ, ఎవరికి టికెట్. గోదావరిలో వరి ఉందని పుట్టి బుద్ధెరిగిన కాలం నుంచి నేను గమనించలేదు.

నా పాత ల్యాప్‌టాప్‌లో నడుస్తున్నది ఫ్రెష్ ఆర్‌ఎస్‌ఎస్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రీడర్. ఫీడ్‌కూ దానికీ నడుమ నిలబడి వార్తలను ఏరే పని పైథాన్‌లో రాసుకున్న నా చిన్న ప్రోగ్రామ్‌ది. మాటను మధ్యలో వెతకొద్దు, మొదట్లోనే వెతుకు అని చెప్పడానికి అందులో ఒక గుర్తుంది. బ్యాక్‌స్లాష్ పక్కన బి. ఇక్కడ పదానికి హద్దు ఉందని దాని అర్థం, మాట ముందు పెడితే పదం మొదలు. పుస్తకాలన్నీ చెప్పే మార్గం అదే. అదే పెట్టాను. జనవరి పోయింది. ఫిబ్రవరి పోయింది. ‘ఎవరికి’ పోయింది. గోదావరి మాత్రం కదల్లేదు. ‘చివరి’ కదల్లేదు. ఉత్పత్తి కూడా అక్కడే ఉంది.

రెండో సాయంత్రమంతా దీనికే సరిపోయింది. ఆఖరికి పైథాన్ వివరణ పత్రాలు చదివితే తేలింది. ఆ గుర్తు దృష్టిలో పదం అంటే అక్షరాలు, అంకెల వరుస. మన గుణింతపు గుర్తులు, పొల్లు దాని లెక్కలో అక్షరాలు కావు. ‘జనవరి’లో వ ముందున్నది న, అది అక్షరమే, కాబట్టి పదం ఇంకా నడుస్తూనే ఉంది. ‘గోదావరి’లో వ ముందున్నది దా దీర్ఘం. ఆ దీర్ఘం దగ్గర పదం తెగిపోయిందనుకుని, వ దగ్గర కొత్త పదం మొదలైందని లెక్క కట్టింది. ‘చివరి’లో చి గుడి దగ్గరా అంతే. ‘ఉత్పత్తి’లో పొల్లు దగ్గరా అంతే. గుణింతాలు లేని భాషలను ముందు పెట్టుకుని గీసిన హద్దు అది. గీసినవాళ్లకు దురుద్దేశం ఏమీ లేదు, గోదావరి వాళ్ల దారిలో పడలేదు.

దిద్దుబాటు ఒక్క వరుసే అయింది. మాట ముందు ఖాళీ గానీ, ఉల్లేఖన చిహ్నం గానీ, వాక్యం మొదలు గానీ ఉండాలి. వెనక ఏమున్నా సరే. పత్తికి, పత్తిని, పత్తిలో అంటూ మన విభక్తులు వెనకే కదా వచ్చి చేరేది. దాంతో రెండు అరలూ శుభ్రపడ్డాయి. ఆ తరువాత ‘పదవి వరించింది’ అనే వార్త వరిలోకి వచ్చింది, దానికి వేరే నియమం రాశాను. మూడో సాయంత్రం నేను వెతకమన్న ఇంకో మాట, ‘ఆదిలాబాద్’, పట్టుకుంది. కొన్ని వార్తలు అసలు దొరకడం లేదు. నేను ఒక పేజీ నుంచి నకలు తీసుకున్న ఆ పేరు చివర కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంది. ‘ద్’ పక్కన ‘లో’ చేర్చినప్పుడు అది వత్తుగా మారకుండా అడ్డుపెట్టే సున్నా వెడల్పు గుర్తు. అది లేకుండా రాసిన ఆదిలాబాద్‌లన్నీ నా జల్లెడలోంచి జారిపోయాయి.

జల్లెడ అంటే గుర్తొచ్చింది. 2000ల మధ్యకాలం నుంచి తెలుగులో రాసే వాళ్ల ఫీడ్లన్నిటినీ ఒకచోట చేర్చే సైట్లు వచ్చాయి. వాటి పేర్లు కూడలి, జల్లెడ, హారం, మాలిక. పేరు వింటే చేసే పని తెలిసిపోతుంది. కూడలిని నిర్మించిన వీవెనే తెలుగు టైపు చేయడానికి లేఖినిని కూడా ఇచ్చారు. అంతకుముందు చాలా పత్రికల సైట్లు సొంత ఫాంట్లతో నడిచేవి. పైకి తెలుగు, లోపల ఇంగ్లిష్ గడుల్లో ఇరికించిన బొమ్మలు. వెతికితే ఏదీ దొరికేది కాదు. నాగార్జున వెన్నా రాసిన ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ జోడింపు ఆ ఫాంట్లను ఒక్కొక్కటే విప్పి యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. వీళ్లు పనిముట్టు లోపలికి వెళ్లి మన భాషకు చోటు చేశారు. ఆ చోటులోనే నా ముప్పై వరుసల ప్రోగ్రామ్ నిలబడింది.

పనిముట్టు లోపలికి వెళ్లడం కుర్రవాళ్ల విద్య అనుకునేవారికి మా పాత జిల్లా మనిషి ఒకాయన జవాబు. వంగర ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది గానీ, పి.వి. నరసింహారావు ఎదిగిన రోజుల్లో కరీంనగర్ జిల్లా ఊరే. 1980ల నడుమ, కేంద్రమంత్రిగా ఉంటూ, అరవై దాటిన వయసులో, కొడుకు పంపిన కంప్యూటర్ పక్కన దాని మాన్యువళ్లు పెట్టుకుని ఆయన నేర్చుకున్న వైనం వినయ్ సీతాపతి రాసిన జీవితచరిత్రలో ఉంది. టైపు చేయడంతో ఆగలేదు. కోబాల్, బేసిక్ నేర్చి, యునిక్స్ మీద ప్రోగ్రామ్‌లు రాశారు. పక్కన పది మంది సిబ్బంది ఉండే పదవిలో ఉండి, చేయించుకునే వీలుండి, ఆయన మాన్యువల్ తెరిచారు. బహుభాషావేత్త కాబట్టే ఆయనకు అది ఇంకో భాషగా తోచి ఉంటుందని నా నమ్మకం.

చోటు దొరకని భాష ఏమవుతుందో ఆదిలాబాద్ జిల్లాకే తెలుసు. నార్నూర్ మండలం గుంజాలలో గోండుల ఇళ్లలో వాళ్ల సొంత లిపిలో రాతప్రతులు ఉన్నాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటి వారి కృషితో అవి వెలుగులోకి వచ్చాయి. గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో గడులు దొరికింది 2018లో, 11.0 రూపంలో. అప్పటిదాకా ఆ లిపిలో ఒక శీర్షికను ఏ ఫీడూ ప్రామాణికంగా మోయలేకపోయేది, ఏ రీడరూ వెతకలేకపోయేది. అక్షరానికి ఒక అంకె ఇవ్వడమనే పని ఎంత పెద్దదో గుంజాల చెబుతుంది.

లోపలి సంగతి తెలిస్తే ఇంకో మేలూ ఉంది. 2013 జులై 1న గూగుల్ తన రీడర్‌ను మూసేసినప్పుడు, తమ ఫీడ్ల జాబితాను ఓపీఎంఎల్ ఫైలుగా దించుకున్నవాళ్లు మరునాడు ఇంకో రీడర్‌లో అదే జాబితాతో కూర్చున్నారు. లోపల ఏముందో తెలిసినవాడికి పనిముట్టు పోయినా పని పోదు.

చిన్నాయినకు ఇదంతా ఎట్లా చెప్పాలా అనుకున్నాను. ఆయనకు చెప్పడం తేలికైంది. వడ్లాయన చేసిచ్చిన గుంటుకను ఆయన ఏనాడూ ఉన్నదున్నట్టు చేన్లోకి దించడు. చెక్కముక్క కొట్టి వంపు సవరించి, నాలుగడుగులు నడిపించి, మట్టి చూసి, మళ్లీ సవరిస్తాడు. లోతు తప్పితే పత్తి వేరు తెగుతుంది. “గంతేనా? చెక్క కొట్టినవన్నట్టు,” అన్నాడు ఫోన్లో. అవును, అంతే.

నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. “బిడ్డా, పత్తి నడుమ కంది సాళ్లు గూడ ఉన్నయ్. కంది గూడ వెయ్యి.” ఇదివరకైతే వెంటనే టైపు చేసేవాణ్ని. ఈసారి కాగితం తీసుకున్నాను. పోలీసులకందిన సమాచారం. రైతులకందిన పరిహారం. ఇవి సంధిలో దాగిన కందులు, నా పాత నియమం ఆపుతుంది. ఎండకు కందిన మొహం ఆగదు. సంగారెడ్డి జిల్లాలో కంది అనే ఊరుంది, హైదరాబాద్ ఐఐటీ అక్కడే, అదీ ఆగదు. ఇంకో రెండు నియమాలు రాయాలి. రేపు పొద్దున ఆరు కొట్టేలోపు రాసి పెడతాను.