ఊక కూరే చెయ్యి

మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లికి దగ్గర్లోనే మిర్యాలగూడ రైసుమిల్లులు. వడ్ల తూకంలో ఇంచుమించు ఐదో వంతు ఊకే. ఉప్పుడు బియ్యం కోసం వడ్లు ఉడికించే బాయిలర్లకు అదే మేత. ఆ ఊకతో పొయ్యి నింపడమూ ఓ పనితనమేనని నా వాదన. చలిదేశాల్లో ఇళ్లను వేడిచేసే పెల్లెట్ స్టవ్‌ను చూడండి. ఆరబెట్టి, అదిమి చేసిన కట్టెపొట్టు గుళికలను మర కొద్దికొద్దిగా జారవిడుస్తుంది, ఫ్యాను గాలి ఊదుతుంది. కరెంటు పోతే రెండూ ఆగుతాయి. మన రేకుడబ్బా పొయ్యిలో ఆ లెక్కంతా చేతిదే. నడుమ గుండ్రటి కర్ర నిలబెట్టి, అడుగు కంతలోంచి ఇంకోటి దూర్చి, చుట్టూ ఊక, రంపపు పొట్టు కూరాలి. తర్వాత కర్రల్ని మెల్లగా తిప్పుతూ లాగాలి. వదులుగా కూరితే గోడ కూలి మంట చస్తుంది. తడి ఉంటే పొగే.

గ్యాసుండగా ఈ తిప్పలెందుకంటారా? రోజూ రెండు పూటల ఇంటి వంటకు గ్యాసే మేలు, అందులో పేచీ లేదు. పొగ సంగతీ నిజమే. పెల్లెట్ స్టవ్‌కైనా పొగగొట్టం సరిగ్గా బిగించకపోతే ప్రమాదమే, మూసిన గదిలో ఊక పొయ్యి అసలే వద్దు. కానీ ఆరుబయట నీళ్లు కాగాలన్నా, పెద్ద గుండిగ ఉడకాలన్నా, ఒకసారి కూరితే మళ్లీ మళ్లీ కట్టె ఎగదోసే పని లేదు. ఇంత తెలిసిన చేతిని కూలిచెయ్యి అని తీసెయ్యకండి.