ఉత్తమ పురుషలో తుపాకి

వీడియో గేమును సాహిత్య పత్రికలో సమీక్షించడమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. ఒకప్పుడు సినిమా గురించీ, అంతకుముందు డిటెక్టివ్ నవల గురించీ ఇలాగే అడిగారు. జనం ఏ కల్పనలో రోజుకు రెండు మూడు గంటలు గడుపుతున్నారో ఆ కల్పనతో విమర్శకునికి నిమిత్తం లేదనడం కుదరదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బడుల్లో నేను పాఠం చెప్పిన పిల్లల్లో ఒక్క కథల పుస్తకమైనా తుదికంటా చదివినవాళ్ళు తరగతికి నలుగురైదుగురు. సెల్‌ఫోనులో తుపాకి పట్టనివాళ్ళు కూడా దాదాపు అంతమందే. ఇవాళ ఆ పిల్లల చేతుల్లో వున్న కథనరూపం ఇది. దీని వ్యాకరణం తెలుసుకోకుండా వాళ్ళ కోసం కథలు రాయబూనడం సాహసమే అవుతుంది.

వ్యాకరణం అన్న మాట ఊరికే వాడలేదు. ఈ రకం ఆటను 'ఫస్ట్ పర్సన్ షూటర్' అంటారు. ఫస్ట్ పర్సన్ అంటే మనకు ఉత్తమ పురుష: నేను, మేము. మాటకు మాట పెట్టి 'ప్రథమ పురుష' అన్నామో అర్థం తిరగబడుతుంది. మన ప్రథమ పురుష 'వాడు, ఆమె, వారు'. తొమ్మిదో తరగతి పిల్లలు పరీక్షలో తరచు చేసే తప్పు ఇది. ఐతే ఈ ఆటల విషయంలో ఆ తప్పులోనే ఒక నిజం దాగి వుందని నా అభిప్రాయం. తెరమీద రెండు చేతులూ ఒక తుపాకీ కనిపిస్తాయి. చూపు నాది, మీట నొక్కే వేలు నాది. కాని ఆ చేతులు ఎవరివి? ఆ మనిషిది ఏ ఊరు, ఇంట్లో ఎవరెవరున్నారు, ఎందుకు కాలుస్తున్నాడు? వీటికి జవాబుండదు. 'నేను' వుండవలసిన చోట ఒక ఖాళీ వుంటుంది. పేరుకు ఉత్తమ పురుష. తీరా చూస్తే ఎవడో ఒకడు.

సమీక్షకు నేను తీసుకున్నది 'ఫౌజీ' పేరుతో వచ్చిన ఆటలను. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం పబ్జీతో సహా 118 యాప్‌లను నిషేధించింది. అప్పటికి సరిగ్గా ఒకరోజు ముందు, సెప్టెంబరు 1న, మన ప్రభుత్వ పాఠశాలల్లో టీవీ పాఠాలు మొదలయ్యాయి. కరోనా కాలపు చదువు పేరిట అప్పుచేసైనా ఇంటికొక ఫోను కొన్న రోజులవి. 4న సినీనటుడు అక్షయ్ కుమార్ ఫౌజీని ప్రకటించాడు. నికరాదాయంలో 20 శాతం 'భారత్ కే వీర్' నిధికి ఇస్తామన్నారు. బెంగుళూరు సంస్థ ఎన్‌కోర్ గేమ్స్ 2021 జనవరి 26న దాన్ని విడుదల చేసింది. కథాస్థలం గల్వాన్ లోయ.

గల్వాన్ సూర్యాపేటకు పరాయి చోటు కాదు. 2020 జూన్ 15 రాత్రి అక్కడ మరణించిన 20 మంది భారత సైనికుల్లో బీహార్ రెజిమెంటు 16వ బెటాలియన్‌కు నాయకత్వం వహిస్తున్న కర్నల్ బి. సంతోష్ బాబు మా ఊరివాడు. జూన్ 18న ఆయన అంత్యక్రియలు ఈ నేలమీదనే జరిగాయి. మరుసటి యేడు అదే జూన్ 15న పట్టణంలోని కూడలిలో ఆయన విగ్రహం వెలిసింది. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించింది 2021 గణతంత్ర దినోత్సవానికి ముందురోజు. మర్నాడే ఆట బజారులోకి వచ్చింది. ఒక చావు ఎంత త్వరగా సరుకు కాగలదో దీన్నిబట్టి గ్రహించవచ్చు. ఐతే అంతమాత్రాన ఆ సరుకు విలువ తేలిపోదు. ఏ రచననైనా లోపలికి వెళ్ళి చూడాలి.

ఫౌజీ మొదట వచ్చినప్పుడు మూడు మోడ్‌ల పేర్లు చూపించారు. కథగా సాగే కాంపెయిన్; ఐదుగురికి ఐదుగురు తలపడే టీం డెత్‌మ్యాచ్; ఎవరికి వారే ఐన ఫ్రీ ఫర్ ఆల్. ఆడటానికి వీలైంది మొదటిది ఒక్కటే. మోడ్ అంటే పిల్లల దృష్టిలో ఆడే తీరు. మన పరిభాషలో చెప్పాలంటే ప్రక్రియ. ఒకే వస్తువు కావ్యంలో ఒక రకంగా, బుర్రకథలో మరొక రకంగా పలికినట్టే, ఒకే సైనికుడు మోడ్ మారితే మరొక మనిషి అవుతాడు.

కాంపెయిన్‌లో తుపాకి లేదు. దానికి చారిత్రక కారణం వుంది. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపరాదని భారత్, చైనాలు 1996లో ఒప్పందం చేసుకున్నాయి. అందుకే ఆ రాత్రి జరిగిన పోరు రాళ్ళతో, కర్రలతో, మేకులు దిగేసిన దుడ్డుకర్రలతో జరిగింది. ఆటలోనూ పిడికిళ్ళూ కర్రలే. సైనికుడు వెనకనుంచి నిలువెత్తున కనిపిస్తాడు. కొన్ని దెబ్బలకు చేతిలోని ఆయుధం పనికిరాకుండా పోతుంది. వొంట్లో సత్తువ తగ్గినప్పుడు మంట దగ్గర కూచుని చలి కాగితే తిరిగి కోలుకుంటాడు. శిల్పరీత్యా ఈ మోడ్ బలహీనమైనదే. అవే దెబ్బలు, అవే అరుపులు, గుంపులుగా వచ్చి పడిపోయే ఒకే మూస శత్రువులు. పబ్జీకి అలవాటుపడిన పిల్లలు అరగంటకే విసుగుపడ్డారు. అయినా నాకు ఆ చలిమంట నచ్చింది. శరీరానికి అలసట వుంటుందనీ, చలి వుంటుందనీ, ఆయుధం అరిగిపోతుందనీ ఒప్పుకున్న ఘట్టం అదొక్కటే.

రాళ్ళతో, కర్రలతో చేసిన పోరు మా ప్రాంతానికి కొత్తది కాదు. తెలంగాణ సాయుధ పోరాటపు తొలిరోజుల్లో సూర్యాపేట, జనగామ తాలూకాల పల్లెజనం చేతికి ముందుగా అందినవి వడిసెలలూ గుతపలూ. సంఘాన్ని 'గుతపల సంఘం' అని పిలిచింది అందుకే. ఆ గుతప పట్టినవాడికి ఎందుకు పట్టాడో తెలుసు: వెట్టి, లెవీ, దొర గడీ. ఆటలోని సైనికుడికి ఎదుటివాడు శత్రువని తప్ప మరేమీ తెలియదు. వస్తువును గల్వాన్ నుంచి తెచ్చుకున్న రచన, ఆ ఘర్షణ ఎందుకు జరిగిందన్న ప్రశ్నను లోయ బయటే వదిలేసింది.

2021 జూన్‌లో టీం డెత్‌మ్యాచ్ వచ్చింది. చేతికి తుపాకులు వచ్చాయి. ఈ ప్రక్రియ పుట్టుక మరెక్కడో వుంది. 1993లో అమెరికాలో ఐడి సాఫ్ట్‌వేర్ తయారుచేసిన 'డూమ్' ఆటతో డెత్‌మ్యాచ్ అన్న మాట ప్రచారంలోకి వచ్చింది. దీని నియమం చాలా సరళం. చంపితే ఒక అంకె పెరుగుతుంది. చస్తే కొద్ది క్షణాల్లో మళ్ళీ పుడతాం. పుట్టగానే మళ్ళీ పరుగు. ఈ మోడ్‌లో మరణానికి కాలవ్యయం తప్ప మరో అర్థం లేదు. ఎదుటి ఐదుగురూ మనలాంటి ఆటగాళ్ళే. కోదాడ పిల్లవాడికి ఎదురుపడేది పొరుగునున్న జగ్గయ్యపేట కుర్రాడు కావచ్చు. గల్వాన్ ఎక్కడ వుంది? పేరులో మాత్రమే వుంది. అమరుల స్మృతి అన్నది అట్టమీది బొమ్మగా మిగిలి, లోపలి పుటల్లో మరొక పుస్తకం కుట్టినట్టయింది.

2025లో వచ్చిన 'ఫౌజీ: డామినేషన్' ఈ దారిలో తరవాతి మజిలీ. డాట్‌నైన్ గేమ్స్ తయారీ. ఇది పూర్తిగా ఉత్తమ పురుష షూటర్. నిలువెత్తు సైనికుడు పోయి రెండు చేతులు మిగిలాయి. ఢిల్లీ మెట్రో, చెన్నై రేవు వంటి మన చోట్లే రణరంగాలు. జట్టు పోరుతోపాటు దూరంనుంచి గురిచూసే స్నైపర్ పోరు వంటి మోడ్‌లున్నాయి. పనితనంలో మొదటిదానికన్నా ఎన్నో రెట్లు మెరుగు. గురి కుదురుతుంది, కదలిక చురుగ్గా వుంది. స్నైపర్ మోడ్‌లో మనిషి దూరాన ఒక చుక్క. దుర్భిణిలో దగ్గరయ్యేసరికి గురి, ఆ తరవాత అంకె. ముఖాముఖి పెనుగులాటతో మొదలైన ఆట ఎదుటివాని ముఖం చూడనక్కరలేని చోటికి చేరింది. ఇక మన రైలు ప్లాట్‌ఫారం మీద, మన రేవులో, మనమే మనల్ని కాల్చుకుంటుంటే దాన్ని స్వదేశీ అంటున్నారు. చోటు స్వదేశీ, ప్రక్రియ మాత్రం డూమ్ నాటిదే.

మా పిల్లలు ఎక్కువగా ఆడే మోడ్ మాత్రం ఇంకొకటి: బాటిల్ రాయల్. పబ్జీ స్థానంలో 2021 జులై 2న బీజీఎంఐ పేరుతో తిరిగివచ్చి, 2022 జులైలో దుకాణంనుంచి తొలగి, 2023 మేలో మళ్ళీ అందుబాటులోకి వచ్చిన ఆటకు ప్రాణం ఇదే. వందమంది పారాషూట్‌లతో దిగుతారు. సురక్షిత వలయం కుంచించుకుపోతూ వుంటుంది. చివరికి ఒకడో, ఒక జట్టో మిగలాలి. ఈ పేరు వెనక ఒక సాహిత్య చరిత్ర వుంది. జపాన్ రచయిత కౌషున్ తకామి 1999లో 'బాటిల్ రాయల్' నవల ప్రచురించాడు. 2000లో సినిమాగా వచ్చింది. నియంతృత్వ రాజ్యం ఒక తరగతి విద్యార్థుల్ని దీవిలో వదిలి, ఒక్కరు మిగిలేదాకా చంపుకోమనడం దాని వస్తువు. నవల ఆ రాజ్యాన్ని బోనులో నిలబెట్టింది. ఆట ఆ రాజ్యం పెట్టిన నియమాన్ని వినోదంగా స్వీకరించింది. రూపం వస్తువునుంచి విడిపోతే ఏమవుతుందో విద్యార్థులకు చెప్పటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. వంద దరఖాస్తులకు ఒక ఉద్యోగం అన్న లెక్కలో పెరుగుతున్న పిల్లవాడికి కుంచించుకుపోయే వలయం ఎందుకు అంత సహజంగా తోస్తుందో కూడా ఆలోచించవలసిన విషయమే. ఇక సవరణలంటారా, బీజీఎంఐలో రక్తాన్ని ఆకుపచ్చ చేశారు, 'కిల్' అన్న మాటను 'ఫినిష్' చేశారు. చావుకు రంగు మార్చితే చావు మారదని ఐదో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు.

రాజ్యానికి ఈ ప్రక్రియ శక్తి చాలా ముందే తెలిసింది. అమెరికా సైన్యం కుర్రాళ్ళను ఆకర్షించటానికి 2002లో 'అమెరికాస్ ఆర్మీ' అనే ఆటను ఉచితంగా పంచింది, 2022లో ఆపివేసింది. అందులో ఒక చిత్రమైన ఏర్పాటు వుండేది. రెండు జట్లలో ఎవరు ఆడినా తమకు తాము అమెరికన్ సైనికులుగానే కనిపిస్తారు. ఎదుటివారే శత్రువులుగా కనిపిస్తారు. ఎదుటివాని తెరమీద నేను ఏమిటన్నది నాకు ఎన్నటికీ కనిపించదు. ఉత్తమ పురుషను ఇంతగా కుదించిన కథనం మరొకటి వుండదు.

దీనికి పక్కన మా ప్రాంతంనుంచే వచ్చిన మరో ఉత్తమ పురుష కథనాన్ని పెట్టి చూడండి. సూర్యాపేట తాలూకా కరివిరాల కొత్తగూడెంలో పుట్టి, సాయుధ పోరాటంలో దళానికి నాయకత్వం వహించి, 2022 మార్చి 19న కన్నుమూసిన మల్లు స్వరాజ్యం ఆత్మకథ పేరు 'నా మాటే తుపాకీ తూటా'. ఆమె నిజంగా తుపాకి పట్టిన మనిషి. తలకు 10,000 రూపాయల వెల కట్టించుకున్న మనిషి. ఐనా పుస్తకం పేరులో ముందు నిలిచింది మాట. ఆ 'నేను' చుట్టూ తల్లి వుంది, ఊరు వుంది, పాట నేర్చిన ఆడవాళ్ళున్నారు, అన్నం పెట్టిన గుడిసెలున్నాయి. తుపాకి ఆ మనిషి జీవితంలో ఒక భాగం. ఈ ఆటల్లో మనిషే తుపాకికి ఒక భాగం.

మాట గనుక మళ్ళీ గల్వాన్ దగ్గరికి రావాలి. ఆ జూన్‌లో సైన్యాలు వెనక్కి తగ్గటానికి చర్చలు జరుగుతున్నాయి. 6న ఉభయ పక్షాల ఉన్నతాధికారులు సమావేశమయ్యారు. స్థానికంగా అవతలి అధికారులతో మాట్లాడినవారిలో సంతోష్ బాబు ఒకరని అప్పటి పత్రికలు రాశాయి. అంటే ఆ లోయలో మా ఊరి మనిషి చేసిన పనుల్లో మాట్లాడటం ఒకటి. ఆయన పేరుమీదుగా దేశభక్తిని అమ్ముకున్న ఆటల్లో కొట్టే మోడ్ వుంది, కాల్చే మోడ్ వుంది, గురిచూసే మోడ్ వుంది. మాట్లాడే మోడ్ మాత్రం లేదు. నా దృష్టిలో ఇది ఈ ఆటల ప్రధాన లోపం. హింస ఎక్కువైందన్న ఫిర్యాదు దీనిముందు చిన్నది. మహాభారతంలో యుద్ధానికి ముందు ఉద్యోగపర్వం ఒకటుంది. రాయబారాలు విఫలమయ్యాయని తెలిసిన తరవాతే మనం కురుక్షేత్రంలో అడుగుపెడతాం. ఆ పర్వం తీసేస్తే మిగిలేది టీం డెత్‌మ్యాచే.

ఐతే ఈ ఆటల్లో మాట పూర్తిగా లేదనడం అన్యాయం. మాటను ఆటగాళ్ళే వెంట తెచ్చుకుంటున్నారు. నాదగ్గర పదో తరగతి చదివిన కుర్రాడొకడు మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేస్తున్నాడు. ఏం దొరుకుతుందిరా ఇందులో అని అడిగితే, "మిల్లుల ఎవ్వలు కేకేసినా ఉరుకుడే సార్. ఈ ఆటల నేను చెప్తె నలుగురు ఇంటరు" అన్నాడు. వాడి జట్టు ఆడుతుండగా కాసేపు కూచుని విన్నాను. 'అన్నా, ఎడమ దిక్కున్నడు', 'ఆగుర్రి, నేనొస్తున్న', 'నా మందులు తీస్కో'. తెరలో లేని మనిషితనమంతా ఆ గొంతుల్లో వుంది. పడిపోయినవాణ్ణి లేపటానికి తన ప్రాణం పణంగా పెట్టి పరుగెత్తేవాణ్ణి కూడా అక్కడే చూశాను. ఆట తయారుచేసినవాళ్ళు ఆ సంభాషణలో ఒక్క ముక్కా రాయలేదు.

అందువల్ల ఈ ఆటల్ని నిషేధించాలన్న వాదంతో నేను ఏకీభవించను. పబ్జీ నిషేధం ఒక ఆటను తీసి మరొక ఆటకు చోటిచ్చింది, అంతే. రచయితలు చేయవలసిన పని వేరే వుంది. సూర్యాపేట కూడలిలోని విగ్రహం కింద బస్సు కోసం నిలబడి ఫోనులో చస్తూ పుడుతూ వున్న కుర్రాడి కథ తెలుగులో ఇంకా సరిగా రాలేదు. వాణ్ణి వ్యసనపరుడని తిట్టే కథలు వచ్చాయి. వాడి 'నేను' పలికిన కథ రావాలి. మిల్లులో కేక వినబడగానే పరుగెత్తేవాడు, రాత్రి నలుగురికి నాయకుడవుతున్నాడు. ఈ రెంటికీ నడుమ వున్న దూరమే వస్తువు. ఆట ఖాళీగా వదిలేసిన ఆ ఉత్తమ పురుష స్థానంలోకి ఊరూ పేరూ ఆకలీ వున్న మనిషిని తీసుకురావటం కొత్తగా రాస్తున్నవారి వల్ల అవుతుందనే నా నమ్మకం. అందుకు ముందు వాళ్ళు ఆ కుర్రాళ్ళ పక్కన కూచుని ఒక పూట వినాలి.