‘అజ్ల్’ అంటే అభిశంసనేనా?

మావర్దీ రచించిన ‘అల్ అహ్కాముస్సుల్తానియా’లోని ఖాజీ పదవికి సంబంధించిన ప్రకరణాన్ని తెనిగిస్తూ, ‘అజ్ల్’ అన్న పదం వచ్చిన ప్రతిచోటా నేను ‘అభిశంసన’ అని వ్రాసుకుంటూ పోయాను. పత్రికలు వాడే మాటే గదా అన్న ధీమా. సిద్దిపేటలో ఆ చిత్తుప్రతిని నలుగురికీ చదివి వినిపించినప్పుడు, వకీలు వృత్తి నుంచి విరమించిన ఒక పెద్దాయన, “ఇంతకూ ఖాజీని తీసేశారా, నిందించారా? ఏదో ఒకటి చెప్పండి మౌల్వీసాబ్” అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు గాని, ఆ ప్రశ్న నా అనువాదానికే కాదు, ఈ విషయంపై మనవాళ్ళు వ్రాసే వ్యాసాలన్నిటికీ తగులుతుంది.

సంస్కృతంలో అభిశంసన అంటే నిందారోపణ. ఆ నింద నిజమూ కావచ్చు, అబద్ధమూ కావచ్చు. అరబీలో ‘అజ్ల్’ అంటే పక్కకు తప్పించటం; అందులో నింద ఊసే లేదు. మన రాజ్యాంగం కూడా ఈ తేడా పాటించింది. 61వ అధికరణంలో రాష్ట్రపతి విషయంలో నేరారోపణ ప్రక్రియను చెప్పి, న్యాయమూర్తుల విషయంలో 124వ అధికరణంలో ‘తొలగింపు’ అని మాత్రమే అన్నది. ఆరోపణ, విచారణ, తొలగింపు అనే మూడు మెట్లను తెలుగు పత్రికలు ఒకే మాటలో కుక్కివేశాయి.

దీనివల్ల కలిగే నష్టం చూడండి. 2016 డిసెంబరులో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు న్యాయమూర్తి సి.వి. నాగార్జునరెడ్డిగారిని తొలగించాలని కోరుతూ 61 మంది రాజ్యసభ సభ్యులు నోటీసు ఇచ్చారు. దానికి మూలం ఒక దళిత జూనియర్ సివిల్ జడ్జి చేసిన ఫిర్యాదు. 1968 నాటి న్యాయమూర్తుల విచారణ చట్టం ప్రకారం రాజ్యసభలో 50 సంతకాలుండాలి. 19 మంది తమ సంతకాలు వెనక్కు తీసుకున్నారు. 2017లో మళ్ళీ నోటీసు ఇస్తే మళ్ళీ అదే కథ. సంఖ్య 50కి దిగువన పడిపోయింది. చట్టం చెప్పిన ముగ్గురు సభ్యుల విచారణ సంఘం ఏర్పడనేలేదు. ఆయన 2018 డిసెంబరులో పదవీ విరమణ చేశారు. ‘అభిశంసన’ అన్న మాట మాత్రం పత్రికల్లో ఆయన పేరు పక్కన నిలిచిపోయింది. ఫిర్యాదు చేసిన వ్యక్తి గోడు విన్నవారు లేరు, న్యాయమూర్తి నిర్దోషి అని తేల్చినవారూ లేరు. 1993లో జస్టిస్ వి. రామస్వామి విషయం దీనికి విపర్యయం. విచారణ సంఘం చాలా ఆరోపణలు రుజువైనాయన్నది. లోక్‌సభలో తీర్మానానికి 196 మంది అనుకూలించగా, 205 మంది ఓటు వేయకుండా కూర్చున్నారు. ఆయన పదవి నిలిచింది.

ఇలాంటి సందర్భంలో మన వక్తలు వెంటనే హజ్రత్ ఉమర్ (రజి) పాలనను ఉదాహరిస్తారు. ఉదాహరించవలసిందే, కాని పూర్తిగా. కూఫావాసులు తమ గవర్నరు హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)పై ఫిర్యాదు చేశారు. నమాజు సరిగా చేయించటం లేదని కూడా అన్నారు! ఖలీఫా ఆయనను తప్పించి, విచారణకు మనుషులను పంపారు. వారు కూఫాలో మస్జిదు మస్జిదుకూ తిరిగి అడిగారు. అందరూ ఆయనను మెచ్చుకున్నారు. ఒక్కచోట ఒక్క వ్యక్తి మాత్రమే నిందించాడు. ఉమర్ (రజి) కాలంలో సాద్ (రజి) మళ్ళీ కూఫా గవర్నరు కాలేదు. కాని ఉమర్ (రజి) మరణశయ్యపై, తాను ఆయనను తొలగించింది అసమర్థతకో, ద్రోహానికో కాదని స్పష్టం చేశారు. అంతేకాదు, తదుపరి ఖలీఫాను ఎన్నుకోవలసిన ఆరుగురిలో ఆయనను చేర్చారు. తొలగింపు ఉన్నది, కళంకం లేదు. దీనిని ‘అభిశంసన’ అని వ్రాసేవాడు ఉమర్ (రజి) చివరి మాటను చెరిపివేసినట్లే.

అయితే సాద్ (రజి) గవర్నరు, ఖాజీ కాదు. ఈ సంగతి మన వ్యాసకర్తలు దాటవేస్తారు. ఖాజీ విషయంలో మావర్దీ చెప్పినది మనకు అంత సుఖంగా ఉండదు. నియమించినవాడు తలచుకున్నప్పుడు తొలగించవచ్చునని ముందు అంటాడు. కారణం లేకుండా తొలగించకపోవటమే మేలని ఆ తరువాత అంటాడు, ఆ పదవిలో ముస్లిముల హక్కులు ఇమిడి ఉన్నాయి గనుక. మనవాళ్ళు రెండవ వాక్యం ఒక్కటే చదివి, న్యాయస్థాన స్వాతంత్ర్యం మనమే లోకానికి నేర్పామంటారు. పాలకుని ఇష్టానికి అడ్డుకట్ట వేసే నిబంధన అక్కడ లేదు. హితవు మాత్రమే ఉన్నది. ఆ అడ్డుకట్టను 124వ అధికరణం కట్టింది, ఎంత ఎత్తుగా కట్టిందంటే రామస్వామి ఉదంతంలో దానిని దాటటం పార్లమెంటుకే సాధ్యం కాలేదు. మావర్దీని గౌరవించటమంటే ఆయన రెండు వాక్యాలనూ తెలుగులోకి తేవటం.

చిత్తుప్రతిలో ‘అభిశంసన’ను అన్నిచోట్లా కొట్టివేసి ‘పదవి నుంచి తప్పించటం’ అని దిద్దాను. అడుగున వ్రాసిన వివరణలో ఒక్కచోట మాత్రం ఉంచాను: కూఫా మస్జిదులో ఆ ఒక్క వ్యక్తి సాద్ (రజి)ని గురించి పలికిన మాటకు.