పెన్సిలు బొమ్మ తాకట్టు

విలెం డి కూనింగ్ అనగానే చిత్రకళతో కాస్త పరిచయమున్నవారికి 1950-52 నాటి ‘స్త్రీ-1’ గుర్తుకొస్తుంది. రంగు పులిమి, గీకి, మళ్లీ పులిమి, పళ్లు బయటపెట్టించిన ఆ బొమ్మ చూసి ముఖం చిట్లించనివారు తక్కువ. అలాంటివారి నోరు మూయించడానికి ఆయన అభిమానులు ఒక చిన్న కాగితం చూపిస్తారు. 1940-41 ప్రాంతంలో పెన్సిలుతో గీసిన ఇలేన్ బొమ్మ అది. “చూశారా, గీయడం రాక కాదు” అంటారు.

బి.కాం. చదివి బ్యాంకులో చేరిన నాకు ఈ పద్ధతి కొత్త కాదు. అప్పు అడిగినవాడి మీద నమ్మకం చాలకపోతే తాకట్టు అడుగుతాం. ఇక్కడ ఇలేన్ బొమ్మ తాకట్టు, ‘స్త్రీ’ అప్పు. ఇది రెంటికీ అన్యాయమని నా అభిప్రాయం.

ముందు బొమ్మ చూడండి. కాగితం సుమారు అడుగు చదరం. 1943లో ఆయనను పెళ్లాడిన ఇలేన్ అప్పటికి ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకుంటోంది. ఆమె గీసినవాటిలో తప్పులెన్ని చింపేసేవాడట. ఆ కాఠిన్యం ఈ బొమ్మలో తన చేతి మీదే చూపించుకున్నాడు. కళ్ల దగ్గర, జుట్టులో పెన్సిలు ఎంత ఓపికగా తిరిగిందో! నీడ ఎక్కడ మొదలైందో కంటికి చిక్కదు. పన్నెండో ఏట నుంచి రోటర్‌డాం అకాడమీ సాయంత్రపు తరగతుల్లో అబ్బిన పట్టు అది.

అవే ఏళ్లలో ఆయన తైలవర్ణాల్లో వేసిన మగవాళ్లను పక్కన పెట్టి చూడండి. భుజం కుదరలేదు, చెయ్యి కుదరలేదు. చెరిపి వేసిన ఆనవాళ్లు దాచనూలేదు. కంప్యూటర్లు రాకముందు మా లెడ్జర్లలో రబ్బరు ముట్టరాదు. తప్పు అంకెను అడ్డంగా కొట్టి, పైన సరైనది రాసి, పొట్టి సంతకం చేయాలి. పాత అంకె కనబడుతూనే ఉండాలి. ఆ తైలవర్ణాలు నాకు అలాంటి పేజీల్లా కనిపిస్తాయి. ఇలేన్ బొమ్మ మాత్రం తిరగరాసిన శుద్ధప్రతి. నాకు రెండూ కావాలి. ఒకదానికి ఇంకొకటి జామీను నిలబడనక్కర్లేదు.

ఆయనకూ ఆ లెక్క ఉన్నట్టు లేదు. 1953లో రాబర్ట్ రౌషెన్‌బర్గ్ అనే కుర్ర చిత్రకారుడు వచ్చి, చెరిపేయడానికి మీ బొమ్మ ఒకటి ఇమ్మన్నాడు. డి కూనింగ్‌కు నచ్చలేదు. అయినా పోతే తనకు బాధ కలిగేదాన్ని, సులువుగా చెరగనిదాన్ని వెతికి మరీ ఇచ్చాడు. చెరపడానికి వారాలు పట్టింది. ఆ కాగితం శాన్‌ఫ్రాన్సిస్కో ఆధునిక కళల మ్యూజియంలో ఉంది. గీతల జాడ ఇంకా లీలగా కనిపిస్తుంది.