చెవికి చేరు వార్త

ఉదయపు వార్తలను జనులు చూతురని మా వృత్తిలో పలువురు తలంతురు గాని, నే నెఱిగినంతలో ఆ వేళ టీవీ ముందు కుదురుగా కూర్చుండువారు మిక్కిలి అరుదు. పొయ్యి మీద పాలు పొంగకుండ కనిపెట్టుచు నొకరు, బడికి పోవు పిల్లకు జడ లల్లుచు నొకరు, పెరటిలో బట్టలు తడుపుచు మఱియొకరు చెవి యొగ్గి విందురు. కావున తెల్లవారుజామున హైదరాబాదులోని మా డెస్కులో సీనియర్ ఎడిటరుగా కూర్చున్న నాకు, దృశ్యము కంటె వాక్యమే ప్రధానము. “ఈ దృశ్యాల్లో మీరు చూస్తున్నట్టు” అని స్క్రిప్టులో కనబడిన తోడనే కొట్టివేయుదును. వంటింటిలోని శ్రోతకు దానివలన తెలియునది శూన్యము. పత్రికలో నిట్లు తీరికగా వ్రాసికొను స్వేచ్ఛ నాకు గలదు, టీవీ స్క్రిప్టులో లేదు. ప్రాంప్టరు పంక్తిలో కొలది మాటలే పట్టును గనుక, దీర్ఘసమాసము రెండు తునకలై యాంకరు నాలుకకు అడ్డుపడును.

రాత్రి జరిగిన బస్సు ప్రమాదము రన్‌డౌనులో, అనగా వార్తల వరుసలో, మొదటికి వచ్చిన నాడు వినువారి పట్ల ఈ బాధ్యత మఱింత బరువగును. స్ట్రింగరు, అనగా స్థానిక విలేకరి, ఘటనాస్థలి నుండి ఒక సంఖ్య చెప్పును, పోలీసు వారొకటి, ఆసుపత్రి వారు వేఱొకటి. అధికారి ధ్రువపఱచిన సంఖ్యనే, అది ఎంత తక్కువైనను, చెప్పినవారి హోదాతో సహా చదివింతును. బస్సు ఎచ్చట బయలుదేఱినది, ఎన్ని గంటలకు, ఎచ్చటికి పోవుచున్నది అను వివరములను మాత్రము విడువను. అవి లేనిచో, ఆ రాత్రి తమవారిని వేఱు బస్సు లెక్కించిన కుటుంబము లన్నియు అకారణముగా తల్లడిల్లును. మృతుల పేర్లు బంధువులకు తెలియువఱకు తెరపై రానియ్యను. పోటీ చానలు ముందు వేసినదని కంట్రోలు రూములో ఎవరు తొందరపెట్టినను ఈ విషయమున నేను మెత్తబడను.

తుపాను నాడు గడియారమే గురువు. తుపాను సమీపించినపుడు వాతావరణ శాఖ రాత్రి 2:30, తెల్లవారి 5:30, ఉదయము 8:30 అను క్రమమున మూడు గంటల కొకసారి దాని స్థితిని గుర్తించి ప్రకటించును. అయిదున్నర నాటి ప్రకటన సిద్ధమై మా చేతికి వచ్చుటకు కొంత వ్యవధి పట్టును గనుక, ఆఱు గంటల బులెటినులో చదువునది తఱచు రెండున్నర నాటి స్థితియే. తుపాను తీరమునకు ఎన్ని కిలోమీటర్ల దూరమున నున్నదో చెప్పి ఆ గంటను చెప్పకుండుట, వలలు సర్దుకొను మత్స్యకారునకు సగము వార్త నిచ్చుటయే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరము దాటినపుడు నగరమున విద్యుత్తు పోయినది, ఫోనులు మూగవోయినవి. ఆ తరువాత మా వార్తలను విన్నవారిలో హెచ్చుమంది ఇతర ప్రాంతములలో నుండి తమవారి క్షేమమునకై తపించినవారే. “విశాఖలో భారీ నష్టం” అన్నచో వారికి చాలదు. గాజువాక ఎట్లున్నది, పెందుర్తి ఎట్లున్నది, భీమిలి ఎట్లున్నది, ఏ దారి తెఱచిరి అనునదే వారికి వలయును. ఆనాటి నుండి తుపాను వేళ జిల్లా స్ట్రింగరు ఎవరు పంపినను, పేట పేరో ఊరి పేరో లేని కాపీని అతనికే త్రిప్పి పంపి, ఫోనులో ఆ పేర్లు రాబట్టిన పిమ్మటనే యాంకరుకు ఇత్తును.