బిళ్ల చుట్టూ ఖాళీ

జిగట విరేచనాలతో వచ్చిన పిల్లవాడి మలం నుంచి షిగెల్లా అనే బ్యాక్టీరియాను వేరుచేసి, అగర్ పళ్లెం మీద దూదిపుల్లతో సమంగా పూస్తారు. దానిమీద చిన్న చిన్న కాగితపు బిళ్లలు పెడతారు. ఒక్కో బిళ్లలో ఒక్కో యాంటీబయాటిక్. రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచి పొద్దున తీస్తే, మందు పనిచేసిన బిళ్ల చుట్టూ సూక్ష్మజీవి పెరగని గుండ్రటి ఖాళీ కనిపిస్తుంది. టెక్నీషియన్ దాన్ని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి రాసుకుంటారు. నాలిడిక్సిక్ యాసిడ్ బిళ్లను ఆనుకునేదాకా షిగెల్లా పెరిగిపోవడం మన ల్యాబుల్లో ఇప్పుడు వింత కాదు. ఒకప్పుడు పిల్లల డాక్టర్లు ధీమాగా రాసిన మందు అది.

1984లో పశ్చిమ బెంగాల్‌లో రక్త విరేచనాలు ప్రబలినప్పుడు యాంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ చేతులెత్తేశాయి. అప్పుడు ఆదుకున్నది నాలిడిక్సిక్ యాసిడే. 2002 నాటికి అదే రాష్ట్రంలో సిప్రోఫ్లాక్సాసిన్‌కూ లొంగని షిగెల్లా బయటపడింది.

ఇంత వేగం ఎలా? జపాన్ శాస్త్రవేత్తలు 1950ల చివర్లోనే ఒక కారణం కనిపెట్టారు. పేగుల్లో మామూలుగా ఉండే ఈ-కొలై, మందులకు లొంగని గుణాన్ని ప్లాస్మిడ్ అనే డీఎన్‌ఏ ముక్క రూపంలో పక్కనున్న షిగెల్లాకు అందించగలదు. అంటే, అవసరం లేకుండా పోసిన సిరప్ ఆ పూటతో పోదు. బిడ్డ పేగుల్లో మందును తట్టుకున్న సూక్ష్మజీవులే మిగిలి పెరుగుతాయి, రేపు వచ్చే రోగక్రిమికి అవే ఆ గుణాన్ని అప్పగిస్తాయి.

అయినా ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన సిరప్ మన మందుల షాపుల్లో అడిగిన వెంటనే దొరుకుతోంది. పసిపిల్లల నీళ్ల విరేచనాలకు తరచుగా కారణమయ్యే రోటావైరస్ మీద అది ఏమాత్రం పనిచేయదు. భారత్‌తో సహా ఏడు దేశాల్లో, నీళ్ల విరేచనాలతో ఒళ్లు వడిలిపోయిన లేదా బక్కచిక్కిన పిల్లలను ఎనిమిది వేల మందికి పైగా తీసుకుని చేసిన పరీక్షలో, మామూలు చికిత్సకు తోడు అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చినా మరణాలు తగ్గలేదు. ఆ ఫలితాలు 2021లో వెలువడ్డాయి. రోటావైరస్‌ను ఆపేది టీకా. హైదరాబాద్‌లో తయారైన రోటావాక్‌ను 2016లో ప్రభుత్వ టీకాల జాబితాలో మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

మందు రాయడం కన్నా రాయకుండా నచ్చజెప్పడమే కష్టమైన వైద్యం. "ఓఆర్‌ఎస్సేనా సార్, మందేమీ రాయరా?" అని తల్లి అడుగుతుంది. ఆ అడగడంలో తప్పులేదు, ఆమెది భయం. బయట ఇంకా నలభైమంది కూర్చుని ఉన్నా, డాక్టరు ఓపిగ్గా చెప్పాలి: "ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపండమ్మా. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ చెంచాతో పట్టండి. జింక్ పద్నాలుగు రోజులు ఆపొద్దు. పాలు మానిపించొద్దు. మోషన్‌లో రక్తం పడినా, బిడ్డ మగతగా ఉన్నా వెంటనే తీసుకురండి."

రక్తం పడితే లెక్క వేరు. అప్పుడు యాంటీబయాటిక్ ఇవ్వాల్సిందే. రెండు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోతే మందు మార్చాలి, వీలున్నచోట మలాన్ని కల్చర్‌కు పంపాలి.